పూల సోడా: ‘సహజం’ అంటే సరిపోతుందా?

సోడా అనగానే మనలో చాలామందికి గోలీ సీసా గుర్తుకొస్తుంది. ఇప్పుడు దానికి పోటీగా మరో సోడా మన వంటింట్లోకి వస్తోంది. దీనికి యంత్రం అక్కర్లేదు, గ్యాసు సిలిండరు అక్కర్లేదు. చెట్ల కింద ఏరుకొచ్చిన పూలు, పెరట్లో కోసిన ఆకులు, కొంచెం చక్కెర, నీళ్లు ఉంటే చాలు. అన్నీ సీసాలో పోసి మూత బిగించి నాలుగు రోజులు ఆగితే ప్రకృతే సోడా చేసి ఇస్తుందంటారు. ఇందులో రసాయనాలు లేవనీ, ఆల్కహాలు లేదనీ, పిల్లలకు కూడా మంచిదనీ హామీలు కూడా ఇస్తారు.

ఈ సోడా తాగవద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. దాన్ని గురించి రాసే తీరును, ఇచ్చే హామీలను ఒకసారి పరీక్షించి చూద్దాం. పరీక్షకు జంషెడ్‌పూర్‌ను ఎంచుకుందాం. ఎందుకంటే ఈ సోడాకు కావలసిన పూలు అక్కడ పుష్కలం. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే వేడి కూడా పుష్కలమే. అంతకంటే ముఖ్యంగా, పులియబెట్టే విద్యను తరతరాలుగా కాపాడుకొస్తున్న ఆదివాసీ గ్రామాలు ఆ ఊరి చుట్టూ ఉన్నాయి.

పూలు ఏరడం కొత్త కాదు

సాక్చి అనే చిన్న గ్రామం దగ్గర టాటా ఉక్కు కర్మాగారం నిర్మాణం 1908లో మొదలైంది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే ఈ చోటికి పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన వారిలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఉగాది పచ్చడికి వేపపువ్వు దులపడం తెలిసిన వారికి, చెట్టు నుంచి పూలు తెచ్చుకుని రుచికి వాడుకోవడం వింత కాదు.

చుట్టుపక్కల అడవుల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది. అక్కడి వారు దాన్ని ‘మహువా’ అంటారు. మన ఆదిలాబాద్, భద్రాచలం అడవుల్లోని ఇప్పచెట్టు కూడా ఈ జాతిదే. పువ్వు రాత్రిపూట రాలుతుంది, తెల్లవారుజామున ఏరుకుంటారు. కండగల ఆ పువ్వు ఎండితే దాని బరువులో సగానికి పైగా చక్కెరే ఉంటుంది. అదే కాలంలో మోదుగ పూస్తుంది. అది జార్ఖండ్ రాష్ట్ర పుష్పం. దానితో హోలీ రంగు చేస్తారు. కానీ ఇప్పపువ్వులో ఉన్నంత చక్కెర మోదుగ పువ్వులో లేదు. ‘పిడికెడు పూలు వేయండి’ అని రాసేవారు ఈ తేడాను పట్టించుకోరు. ఆ తేడా ఎంత ముఖ్యమో కాసేపట్లో చూద్దాం.

సోడా పుట్టింది బీరు తొట్టి మీద

చరిత్రలో ఒక తమాషా ఉంది. కృత్రిమమని మనం తక్కువగా చూసే గ్యాసు సోడా పుట్టింది పులిసే తొట్టి దగ్గరే. ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో 1767 ప్రాంతంలో జోసెఫ్ ప్రీస్ట్లీ ఒక బీరు కర్మాగారం పక్కన ఉండేవాడు. పులుస్తున్న తొట్టెల మీద ఒక బరువైన వాయువు పొరలా నిలిచి ఉండటం గమనించాడు. ఆ వాయువు ఉన్న చోట నీళ్లను ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పోస్తే నీటికి చురుకైన రుచి వచ్చింది. ఆ వాయువును నీటిలో కరిగించే పద్ధతిని 1772లో ఒక చిన్న పుస్తకంగా ప్రచురించాడు. అదే కార్బన్ డయాక్సైడ్.

కాబట్టి యంత్రం పెట్టిన బుడగకూ, ఈస్ట్ పెట్టిన బుడగకూ తేడా లేదు. రెండూ ఒకే వాయువు. తేడా అంతా బుడగతో పాటు సీసాలోకి ఇంకేం వస్తుందనే దాంట్లో ఉంది.

కవల పిల్లలు

ఈస్ట్ కణం గాలి అందని చోట చక్కెరను విడగొడితే రెండు పదార్థాలు పుడతాయి. ఒకటి కార్బన్ డయాక్సైడ్, రెండోది ఆల్కహాలు. 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా పులిస్తే 88 గ్రాముల వాయువు, 92 గ్రాముల ఆల్కహాలు వస్తాయి. ఇవి కవల పిల్లలు. ఒకరిని ఇంటికి పిలిచి రెండోవారిని గడప బయట నిలబెట్టడం కుదరదు. వాయువు పుట్టించే కొన్ని లాక్టిక్ బాక్టీరియాలు కూడా దానితో పాటు ఆల్కహాలును పుట్టిస్తాయి.

ఇప్పుడు లెక్క వేయండి. అంగడి సోడాలాగా చురుక్కుమనాలంటే లీటరు నీటిలో దాదాపు 6 గ్రాముల వాయువు ఉండాలి. ఈస్ట్ అంత వాయువు ఇచ్చేసరికి 6 గ్రాములకు కొంచెం పైన ఆల్కహాలు కూడా తయారవుతుంది. అంటే ఘనపరిమాణంలో సుమారు 0.8 శాతం. మన దేశంలో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 నిబంధనల ప్రకారం 0.5 శాతానికి మించి ఆల్కహాలు ఉన్న పానీయం ఆల్కహాలు పానీయమే. కాబట్టి ‘బాగా గ్యాసు పట్టింది, ఆల్కహాలు మాత్రం లేదు’ అనే హామీని ఇంటి తరాజుతోనే కొట్టిపారేయవచ్చు.

ఇలాంటి చిక్కు పెద్ద వ్యాపారులకే వచ్చింది. 2010లో అమెరికాలో కొన్ని కొంబుచా సీసాల్లో ఆల్కహాలు అక్కడి 0.5 శాతం పరిమితిని దాటుతోందని తేలేసరికి, హోల్ ఫుడ్స్ దుకాణాలు వాటిని అరల మీంచి తీసేశాయి. సీసాలో మిగిలిన చక్కెర, బతికి ఉన్న ఈస్ట్ మూత పెట్టిన తర్వాత కూడా తమ పని తాము చేసుకుపోయాయి.

ఈ రాతల్లో మరో వైరుధ్యం ఉంది. ‘చక్కెరను సూక్ష్మజీవులు తినేస్తాయి కాబట్టి మధుమేహం ఉన్నవారికీ ఫరవాలేదు’ అని ఒక వాక్యం ఉంటుంది. దాని కిందే ‘ఆల్కహాలు ఉండదు’ అని ఇంకో వాక్యం. మూత బిగించిన సీసాలో ఈ రెండూ కలిసి నిజం కాలేవు. చక్కెర పోయిందంటే ఆల్కహాలు వచ్చింది. ఆల్కహాలు రాలేదంటే చక్కెర అలాగే ఉంది. గాలి తగిలితే ఆల్కహాలు కొంత వెనిగరుగా మారే మాట నిజమే. కానీ గాలి తగిలేలా మూత తీసి ఉంచితే గ్యాసు నిలవదు.

ఎవరి గది వేడి?

ఈ విధానాల్లో చాలావాటి మూలాలు చలి దేశాల్లో ఉన్నాయి. ఇంగ్లండులో ఎల్డర్ అనే చెట్టు పూలతో పొంగే పానీయం చేసుకోవడం పాత అలవాటు. అక్కడ ‘గది వేడిలో వారం రోజులు’ అంటే 18, 20 డిగ్రీల దగ్గర వారం రోజులు. ఆ వాక్యాన్ని అలాగే తెలుగులో పెట్టి మే నెల జంషెడ్‌పూర్ పాఠకుడి చేతికిస్తే ఏమవుతుంది? అక్కడ పగలు ఇంటి లోపలే 35 డిగ్రీలు దాటవచ్చు. ఒక హద్దు వరకు, వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈస్ట్ పని వేగం సుమారు రెట్టింపవుతుంది. వారం పట్టే పని రెండు మూడు రోజుల్లో ముగుస్తుంది.

మనకు ఇది తెలియని సంగతి కాదు. తెల్లవారుజామున చెట్టు దించిన నీరా మధ్యాహ్నానికి కల్లుగా మారుతుంది. నీరాను నీరాగానే ఉంచాలంటే కుండ లోపల సున్నం పూస్తారు. గీత కార్మికుడు గంటలు లెక్కపెట్టే చోట ఈ రాతలు రోజులు లెక్కపెడుతున్నాయి.

వేగం ఒక్కటే కాదు, పీడనం కూడా పెరుగుతుంది. వేడి నీటిలో వాయువు తక్కువగా కరుగుతుంది. లీటరు నీటిలో 3 లీటర్ల వాయువు పట్టి ఉన్న సీసాలో పీడనం 10 డిగ్రీల దగ్గర సుమారు రెండున్నర అట్మాస్ఫియర్లు. 20 డిగ్రీల దగ్గర అది దాదాపు మూడున్నర. 40 డిగ్రీల దగ్గర ఐదున్నర దాటుతుంది. కారు టైరులో గాలి ఒత్తిడికి ఇది రెట్టింపు కంటే ఎక్కువ. సీసాలో ఉన్నది అంతే, మారింది వాతావరణం మాత్రమే.

ఇక చక్కెర కొలత చూడండి. లీటరుకు 80 నుంచి 100 గ్రాముల చక్కెర వేయమని రాస్తారు. 100 గ్రాములు పూర్తిగా పులిస్తే దాదాపు 26 లీటర్ల వాయువు పుడుతుంది. ఆల్కహాలు 6 శాతం దాటుతుంది, అంటే మామూలు బీరు కంటే ఎక్కువ. కానీ అంతదాకా రాకుండానే గాజు సీసా పగిలిపోతుంది. పగిలిన గాజు ముక్క కంటికి తగిలితే అది జీవితకాలపు నష్టం. గోలీ సోడా సీసాను మందపాటి గాజుతో ఎందుకు చేశారో, నింపేటప్పుడు ఇనుప చట్రంలో పెట్టి ఎందుకు తిప్పేవారో ఇప్పుడు అర్థమవుతుంది. జామ్ సీసాకూ, సిరప్పు సీసాకూ అంత ఒర్పు లేదు.

ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పాలి. ఈ అభిరుచిని ప్రపంచమంతటా వ్యాపింపజేసిన పుస్తకాల్లో శాండర్ కాట్జ్ రాసిన ‘వైల్డ్ ఫెర్మెంటేషన్’ (2003) ఒకటి. 2012లో వచ్చిన ‘ది ఆర్ట్ ఆఫ్ ఫెర్మెంటేషన్’లో ఆయన సీసాలు పేలే ప్రమాదాన్ని గట్టిగానే హెచ్చరించాడు. సూక్ష్మజీవి అంటే రోగం అనే భయాన్ని పోగొట్టి, దాన్ని మళ్లీ వంటింటి నేస్తంగా చూపించడం ఇలాంటి పుస్తకాలు చేసిన మేలు. వాటి నుంచి కోసి తెచ్చిన ముక్కల్లో ఉత్సాహం మిగిలింది, హెచ్చరిక రాలిపోయింది. మన విమర్శ ఆ ముక్కల మీదే.

తోడు ఏది?

పాలను పెరుగు చేయాలంటే తోడు పెడతాం. గాలిలో బాక్టీరియాలు ఉన్నాయి కదా అని పాలగిన్నెను ఊరికే వదిలేయం. నిన్నటి పెరుగు బాగుందని తెలుసు గనుక అందులోంచి చెంచాడు తీసి వేస్తాం. పూల సోడా రాతలు ఈ ప్రశ్నను ఒక్క మాటతో దాటేస్తాయి: పువ్వు మీద సహజమైన ఈస్ట్ ఉంటుంది, అదే చూసుకుంటుంది.

పువ్వు మీద ఈస్ట్ ఉండటం నిజం. తేనెరసంలో మెట్ష్నికోవియా జాతి ఈస్ట్‌లు తరచూ కనిపిస్తాయి. కానీ పొంగించే శక్తిలో అవి బేకరీ ఈస్ట్‌కు సాటిరావు. ఆ పువ్వు మీద వాటితో పాటు బూజులు, రకరకాల బాక్టీరియాలు కూడా ఉంటాయి. ఏది ముందు పెరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఒకసారి మంచి పానీయం, ఇంకోసారి జిగురు నీళ్లు, మరోసారి పేలే సీసా. ఇది లాటరీ.

ఇంగ్లండులో అల్లం బీరుకు వాడే తోడును హ్యారీ మార్షల్ వార్డ్ పరిశోధించి 1892లో ఫలితాలు ప్రకటించాడు. ‘అల్లం బీరు మొక్క’ అని జనం పిలిచే ఆ ముద్ద మొక్క కాదనీ, ఒక ఈస్ట్, ఒక బాక్టీరియా కలిసి కాపురం చేసే గూడనీ తేల్చాడు. ఇంటి నుంచి ఇంటికి చేతులు మారుతూ వచ్చిన ఎంపిక అది.

జంషెడ్‌పూర్‌కు అలాంటి తోడు కోసం ఇంగ్లండు వైపు చూడాల్సిన పని లేదు. చుట్టుపక్కల హో, సంతాల్, ముండా గ్రామాల్లో హండియా చేస్తారు. అది అన్నం నుంచి తయారయ్యే పులిసిన పానీయం. దానికి ‘రాను’ అనే బిళ్లలే తోడు. బియ్యప్పిండిలో అడవి నుంచి తెచ్చిన వేర్లు, బెరళ్లు దంచి కలిపి, బిళ్లలు చేసి, పులియనిచ్చి ఎండబెడతారు. మూలికల జాబితా ఊరూరికీ మారుతుంది. వండి ఆరబెట్టిన అన్నంలో రాను పొడి కలిపి కుండలో ఉంచితే, అందులోని బూజులు పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడతాయి, ఈస్ట్‌లు ఆ చక్కెరను పులియబెడతాయి, లాక్టిక్ బాక్టీరియాలు పులుపు పెంచి పాడుచేసే క్రిములను అదుపులో పెడతాయి. ఎండాకాలం తక్కువ రోజులు, చలికాలం ఎక్కువ రోజులు ఉంచుతారు. కుండకు బిరడా బిగించరు, కాబట్టి అది పేలదు. నీళ్లు కలిపి వడగట్టి ఆకు దొన్నెల్లో పోసి ఇస్తారు.

తోడు, వేడి, కాలం, పాత్ర. పూల సోడా రాతల్లో లేని నాలుగు అంశాలూ ఇక్కడ ఉన్నాయి. హండియా చేసే స్త్రీ రసాయన సమీకరణం రాయకపోవచ్చు. కానీ గుర్తుపట్టడం, పోల్చడం, సరిదిద్దుకోవడం అనే శాస్త్రీయ పద్ధతి ఆమె పనిలో ఉంది.

ఒకే పులుపుకు రెండు పేర్లు

మన విమర్శలో ముఖ్యమైన అంశం ఇదే. హండియాను సంత దగ్గర కూర్చుని అమ్మే స్త్రీని సమాజం సారా మనిషిగా చూస్తుంది. అదే పని పట్నంలో అందమైన సీసాలో జరిగితే దాన్ని ఆరోగ్యం అంటుంది. ఈస్ట్‌కు మాత్రం కులం తెలియదు, పేట తెలియదు. రెండు చోట్లా ఒకే పని చేస్తుంది.

ఈ చర్చ పాతదే. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో మద్యనిషేధం మీద చర్చ జరిగినప్పుడు జైపాల్ సింగ్ ముండా లేచి, బియ్యపు పానీయం ఆదివాసీల పూజల్లో, పండుగల్లో భాగమని గుర్తుచేశాడు. 2020లో జార్ఖండ్ ప్రభుత్వం ‘ఫూలో ఝానో ఆశీర్వాద్ అభియాన్’ మొదలుపెట్టింది. 1855 సంతాల్ తిరుగుబాటు నాయకులు సిద్ధూ, కాన్హూల చెల్లెళ్ల పేర్లు దానికి పెట్టారు. హండియా, సారా అమ్మి బతికే స్త్రీలను వేరే జీవనోపాధుల వైపు మళ్లించడం దాని లక్ష్యం. రోడ్డు పక్క అమ్మకం వెనుక పేదరికం ఉంది, తాగుడు కూల్చిన ఇళ్లూ ఉన్నాయి. కాబట్టి ఆ ప్రయత్నాన్ని తప్పుపట్టలేం, హండియాను అమృతమని పొగడనూ అక్కర్లేదు. కానీ ఆ స్త్రీలకు ఉన్న పరిజ్ఞానాన్ని తాగుడుతో పాటు పారబోసి, అదే పరిజ్ఞానపు అరకొర నకలును పరదేశం నుంచి తెచ్చుకుని గొప్పగా చెప్పుకోవడం తెలివైన పని అనిపించుకోదు.

ఏ పువ్వయినా పువ్వేనా?

‘మీ ప్రాంతంలో దొరికే ఏ పువ్వయినా వాడవచ్చు’ అనే వాక్యం అన్నిటికంటే ప్రమాదకరం. గన్నేరు, పచ్చగన్నేరుల్లో గుండె లయను దెబ్బతీసే విషాలు ఉన్నాయి. ఉమ్మెత్తలోని ఆల్కలాయిడ్లు మతి తప్పిస్తాయి. అడవినాభి పువ్వు అగ్నిశిఖలా అందంగా ఉంటుంది, మొక్క అంతా విషమే. పులియబెడితే ఈ విషాలు పోతాయని అనుకోవద్దు. ఎల్డర్ చెట్టు ఆకుల్లో, కాడల్లో కూడా సయనైడు పుట్టించే పదార్థాలు ఉన్నాయి. అక్కడి వారు పూలను మాత్రమే కోసుకుంటారు. అది వారి అనుభవం. ఆ అనుభవం వదిలేసి అలవాటును మాత్రం అరువు తెచ్చుకోవడం కుదరదు.

ఎక్కడ ఏరుతున్నామో కూడా చూడాలి. లారీలు తిరిగే రోడ్డు పక్క, మందు చల్లిన తోటలో ఏరిన పువ్వుతో దుమ్మూ మందూ కూడా సీసాలోకి వస్తాయి. దల్మా కొండలు వన్యప్రాణి అభయారణ్యం, అక్కడ సరదాకు కోయడం తగదు. ఇప్పపువ్వు చాలా కుటుంబాలకు ఏడాది ఆదాయంలో భాగం. 2006 అటవీ హక్కుల చట్టం అలాంటి ఉత్పత్తుల మీద అడవిని నమ్ముకున్న వారి హక్కును గుర్తించింది. పువ్వు కావాలంటే వారి దగ్గర కొనుక్కోవడమే మర్యాద.

ఆరోగ్యం మాట

‘ప్రోబయాటిక్’ అనే పదాన్ని ఈ రాతలు ఉదారంగా వాడతాయి. 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు దానికి నిర్వచనం ఇచ్చారు. తగినంత మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవి అయితేనే ఆ పేరు చెల్లుతుంది. ఏ రకం, ఎంత, ఏ మేలు అన్నవి మూడూ తెలియాలి. పువ్వు మీద నుంచి ఏది వచ్చిందో తెలియని సీసాకు ఆ బిరుదు ఇవ్వలేం. అది రుచికరమైన పానీయం కావచ్చు. ఆ మాట చాలు, మందు అని చెప్పనక్కర్లేదు.

చేసుకోవాలనుకుంటే

తప్పక చేసుకోండి, కానీ కొలిచి చేసుకోండి. నిస్సందేహంగా తినదగినదని తెలిసిన పువ్వునే తీసుకోండి. ఎర్ర గోంగూర పుష్పకోశాలు మంచి ఎంపిక. వాటిని నీటిలో మరిగించి చల్లార్చి వడగట్టండి. దాంతో లాటరీ క్రిములు చాలావరకు పోతాయి. లీటరుకు ఒక నిమ్మకాయ రసం పిండండి. పిహెచ్ కాగితంతో చూస్తే 4 కంటే తక్కువ ఉండాలి. ఆ పులుపులో బోట్యులిజం కలిగించే బాక్టీరియా పెరగదు. తోడుగా చిటికెడు బేకరీ ఈస్ట్ వేయండి. చక్కెర తూచి లీటరుకు 12 గ్రాములే వేయండి. అది పూర్తిగా పులిసినా వాయువు 3 లీటర్ల దగ్గరే ఆగుతుంది. ఇప్పపువ్వు వాడితే దానిలోని చక్కెరనూ ఈ లెక్కలో చేర్చండి. తీపి ఎక్కువ కావాలంటే సీసాలో కాదు, తాగేటప్పుడు గ్లాసులో కలుపుకోండి.

గాజు వద్దు. శీతల పానీయాలకు వాడిన ప్లాస్టిక్ సీసాను శుభ్రం చేసి, పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలి నింపండి. రోజుకు రెండుసార్లు నొక్కి చూడండి. గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెట్టండి. చలి ఈస్ట్‌ను నిద్రపుచ్చుతుంది, చంపదు, కాబట్టి రెండు మూడు రోజుల్లో తాగేయండి. ఇందులో కొంచెమైనా ఆల్కహాలు ఉంటుందని ఇంట్లో అందరికీ చెప్పండి. పిల్లలకు, గర్భిణులకు, తాగుడు మానుకున్నవారికి ఇవ్వకండి.

‘సహజం’ అన్నది ఒక వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే మాట. అది మంచిదో కాదో చెప్పే మాట కాదు. ఉమ్మెత్త సహజమే, పెరుగూ సహజమే. రెండిటి మధ్య తేడాను మనకు నేర్పింది ప్రకృతి కాదు, దాన్ని ఓపిగ్గా గమనించిన మనుషులు. ఈసారి ఎవరైనా మీకు పూల సోడా విధానం చెబితే నాలుగు ప్రశ్నలు అడగండి. తోడు ఏది? చక్కెర ఎన్ని గ్రాములు? వేడి ఎంత? సీసా ఏది? వీటికి జవాబు లేని విధానాన్ని నమ్మి మూత బిగించకండి.